విల్లుకి ఏ జిగురు? తోలుదా, నరానిదా, చేపదా?

ముందే చెప్పేస్తాను. కర్ర విల్లు వీపుకి మొదటిసారి జంతువు నరం (కండని ఎముకకి కట్టి ఉంచే పట్టీ) అతికించబోయేవాళ్ళు తోలు జిగురుతో మొదలుపెట్టండి. కొమ్ముని చెక్కకి అతికించే స్థాయికి వచ్చాక చేప జిగురు సంగతి చూడండి. ఎముక జిగురు జోలికి పోకండి. కాకినాడలోనో విశాఖలోనో ఉంటూ వానాకాలమంతా వాడుకునే విల్లు కావాలంటే మాత్రం జంతు జిగురే వద్దు. ఈ మాటల వెనక కారణాలు తెలిస్తే మీ విల్లుకీ మీ ఊరి గాలికీ తగ్గట్టు మీరే మార్చుకోగలరు. కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు మీ విల్లుకి జిగురు కావాలా?

చెంచులు, కోయలు, కొండరెడ్లు వాడే వెదురు విల్లుకి జిగురు చుక్క కూడా అక్కర్లేదు. గట్టి వెదురు బద్ద, దానికి తగ్గ నారి, అంతే. అర్థశాస్త్రంలో కౌటిల్యుడు విళ్ళని వాటి పదార్థాన్ని బట్టి నాలుగు రకాలుగా చెప్పాడు: తాటి మానుతో చేసినవి, వెదురువి, కర్రవి, కొమ్ముతో చేసినవి. మొదటి మూడూ జిగురు లేకుండా బతకగలవు. నాలుగోదానికి జిగురే ప్రాణం.

కారణం ఇది. నారి లాగినప్పుడు విల్లు వీపు, అంటే గురివైపు ఉన్న ముఖం, సాగుతుంది. మన వైపు ఉన్న ముఖం, దాన్ని పొట్ట అందాం, నలుగుతుంది. చెక్క తన పొడవులో ఒక శాతం చుట్టుపక్కల సాగేసరికే విరిగే దశకి వస్తుంది. జంతువు కాలి వెనక నరం దానికి ఎన్నో రెట్లు సాగి మళ్ళీ వెనక్కి వస్తుంది. గేదె కొమ్ము ఎంత నలిపినా ఓర్చుకుంటుంది. అందుకే వీపుకి నరం, పొట్టకి కొమ్ము, మధ్యలో పలచని చెక్క పెడితే పొట్టి విల్లుని కూడా చెవిదాకా లాగొచ్చు. టర్కీ, పర్షియా, మంగోలియా, కొరియా, మొఘలుల నాటి ఉత్తర భారతం, అన్నిచోట్లా గుర్రపు విలుకాళ్ళ విల్లు ఇదే సూత్రం మీద నడిచింది. లాగిన ప్రతిసారీ ఈ మూడు పొరలూ ఒకదాని మీంచి ఒకటి జారిపోవాలని చూస్తాయి. వాటిని జారనివ్వకుండా పట్టుకునేది మీసం వెంట్రుకంత మందం కూడా లేని జిగురు పొర.

ఇక్కడ నరం అంటున్నది రక్తనాళాన్ని కాదు. కండని ఎముకకి కట్టి ఉంచే తెల్లటి గట్టి పట్టీని, స్నాయువుని. మాంసం కొట్టువాళ్ళు నరం అనే అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తాను.

రబ్బరు జిగుర్లు, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే ఎపాక్సీలు ఉన్న రోజుల్లో ఇంకా ఈ పాత పద్ధతి ఎందుకు అని అడుగుతారు. కర్రకి వెదురు బద్ద అతికించడానికైతే నేనూ ఎపాక్సీనే వాడమంటాను. మామూలు తెల్ల వుడ్ గ్లూ మాత్రం వద్దు. ఎప్పుడూ లాగుడులో ఉండే అతుకు దగ్గర అది మెల్లగా సాగుతుంది. నరం సంగతి వేరు. నరమూ జంతు జిగురూ ఒకే పదార్థంతో తయారైనవి. వేడి జిగురు తడి పోగుల్లోకి ఇంకి వాటితో కలిసిపోతుంది. ఆరుతున్నకొద్దీ రెండూ కలిసి కుంచించుకుపోతాయి, విల్లుని ముందుకు వంచుతాయి. నారి ఎక్కించకముందే విల్లులో కొంత బిగువు చేరుతుంది. ఇలా లోపలికి ఇంకి కుంచించుకునే గుణం ఎపాక్సీకి లేదు.

ఒకే పదార్థం, నాలుగు చోట్ల నుంచి

జంతు జిగురు ఏదైనా అది కొల్లాజెన్ అనే ప్రోటీనే. తోలులో, నరంలో, ఎముకలో, చేప గాలితిత్తిలో ఉండేది ఇదే. మూడు పోగులు పేనిన తాడులా ఉండే ఈ ప్రోటీన్‌ని నీళ్ళలో వేడిచేస్తే పేట విడిపోయి నీళ్ళలో కలుస్తుంది. చల్లారితే ముద్దలా గడ్డకడుతుంది, నీరు ఆరిపోతే గట్టిపడుతుంది. పోగులు ఎంత పొడుగ్గా మిగిలితే జిగురు అంత బలం. ఎక్కువ వేడి తగిలినా, ఎక్కువసేపు మరిగినా, బాక్టీరియా పట్టినా పోగులు ముక్కలవుతాయి, జిగురు బలం పడిపోతుంది. అందుకే ఏ జంతువుది అన్న ప్రశ్న కంటే ఎలా వండారన్న ప్రశ్నే పెద్దది. మంచి గాలితిత్తి తెచ్చి స్టవ్ మీద కుతకుతా ఉడికించినవారి జిగురు కంటే, వంటింటి జెలటిన్‌ని 60 డిగ్రీల దగ్గర జాగ్రత్తగా కరిగించినవారి జిగురే గట్టిగా పడుతుంది. ఇది మనసులో పెట్టుకుని మిగతాది చదవండి.

తోలు జిగురు

దీన్నే మొదటి ఎంపికగా చెప్పడానికి కారణం, దీని బలం ఎంతో తెలుసుకుని కొనుక్కోవచ్చు. గిటార్లు, వయొలిన్లు బాగుచేసేవాళ్ళ కోసం అమ్మే తోలు జిగురు డబ్బా మీద 192 గ్రాములు, 251 గ్రాములు అని రాసి ఉంటుంది. అది డబ్బా బరువు కాదు, గడ్డకట్టిన జిగురు ఎంత గట్టిగా ఉందో కొలిచే లెక్క. అంకె పెరిగేకొద్దీ గడ్డ గట్టిగా ఉంటుంది, త్వరగా గడ్డకడుతుంది, నీళ్ళు ఎక్కువ కలపాల్సి వస్తుంది. చెక్క పనికి 192 మామూలుగా వాడేది. నరం పరచడానికి 192 నుంచి 251 మధ్య ఏదైనా బాగుంటుంది. 300 దాటినవి గాజు మీద నకిషీలు లేపడానికి వాడే రకాలు, మనకి పనికిరావు. అవి చేతిలోనే గడ్డకట్టేస్తాయి.

అది దొరక్కపోతే కేకులు, పుడ్డింగులు చేసేవాళ్ళు వాడే జెలటిన్ పొడి తెచ్చుకోండి. తీపి, రంగు, వాసన కలపనిది కావాలి. చాలావరకు 200 నుంచి 250 మధ్య బలం ఉంటుంది, ఆహారానికి చేసినది కాబట్టి చాలా శుభ్రంగా ఉంటుంది. ఏ జంతువుదో పట్టింపు ఉన్నవాళ్ళు లేబుల్ చూసుకోండి.

సొంతంగా వండాలనుకుంటే పచ్చితోలు ముక్కలు కావాలి. డప్పు మూసేవాళ్ళ దగ్గర, మృదంగం, తబలా చేసేవాళ్ళ దగ్గర మిగిలే కత్తిరింపులు దీనికి చక్కగా సరిపోతాయి. చెప్పుల తోలు, బెల్టు తోలు పనికిరావు. క్రోమ్‌తో పదును చేసిన తోలు ఎంతసేపు వేడిచేసినా కరగదు. తోలుకి అంటి ఉన్న కొవ్వూ కండా గీరేసి, సున్నపు తేటలో కొన్ని రోజులు నానబెట్టి, జారుడు పోయేదాకా నీళ్ళు మార్చి మార్చి కడగాలి. చివరి కడుగులో కాస్త వెనిగర్ వేస్తే మిగిలిన సున్నం విరుగుతుంది. తర్వాత కొత్త నీళ్ళు పోసి మరగనివ్వకుండా సన్నని వేడి మీద కొన్ని గంటలు ఉంచి వడకట్టాలి. మొదటి కాపులో దిగినదే మేలైనది. అదే తోలుకి మళ్ళీ నీళ్ళు పోసి వండితే దిగే రెండో కాపు, మూడో కాపు బలం తక్కువ. వాటిని చెక్క రంధ్రాలు పూడ్చే పలచని పూతకి ఉంచుకోండి.

జపాన్‌లో వెదురూ చెక్కా కలిపి అతికించే పొడవాటి యుమి విల్లుకి నిబే అనే జిగురు వాడతారు. అది జింక తోలు నుంచి తీసింది. నిబేతో చేసిన విల్లు లాగుడులో మెత్తగా ఉంటుందని అక్కడి విలుకాళ్ళు ఇష్టపడతారు. తేమకి త్వరగా లొంగుతుంది కాబట్టి చాలా జాగ్రత్తగా చూసుకుంటారు. మన దగ్గర జింక తోలూ, జింక నరమూ, జింక కొమ్మూ ముట్టుకోవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. గేదె, మేక చాలు.

నరం జిగురు

నరం కొట్టి పోగులు తీసేటప్పుడు పనికిరాని పీచు, చివర్లు చాలా మిగులుతాయి. వాటినే వండితే నరం జిగురు. ఒట్టోమన్ విల్లు కళాకారులు దీన్నీ చేప జిగురునీ రెండూ వాడేవారు. బలంలో మంచి తోలు జిగురుకి ఏమీ తీసిపోదు. ఎండిన పొర కాస్త వంగే గుణంతో ఉంటుంది. కానీ నరం కరగడానికి చాలా సమయం పడుతుంది, దిగేది కొంచెమే. తొందరపడి మంట పెంచితే పని చెడుతుంది. నా ఉద్దేశంలో దీని కోసం ప్రత్యేకంగా నరం కొనడం దండగ. ఎలాగూ మిగిలిన వ్యర్థం ఉంటే వండుకుని తోలు జిగురులో కలుపుకోండి.

చేప జిగురు

చేప జిగురు అన్న పేరుతో చాలా వస్తువులు అమ్ముతారు. సీసాలో చల్లగా, ద్రవంగానే ఉండే చేప జిగురు చలినీటి చేపల చర్మం నుంచి చేసింది. అది చిన్న చెక్క పనులకి, కాగితానికి. నేను చెబుతున్నది గాలితిత్తి జిగురు. చేప నీళ్ళలో పైకీ కిందికీ కదలడానికి లోపల ఉండే గాలి సంచి నుంచి తీసేది.

విల్లు ప్రపంచంలో దీనికున్న గౌరవం ఊరికే రాలేదు. ఒట్టోమన్లు డాన్యూబ్ నదిలో దొరికే స్టర్జన్ చేప నుంచి తీసిన జిగురుని మేలైనదిగా చూసేవారు. కొరియాలో గక్‌గుంగ్ అనే కొమ్ము విల్లుకి మిన్ఒ అనే చేప గాలితిత్తిని వాడతారు. చైనాలోనూ గాలితిత్తి జిగురుదే ఆ స్థానం. ప్రాచీన చైనా శిల్పుల గ్రంథం కావ్‌గోంగ్‌జీ విల్లుకి కావలసిన ఆరు పదార్థాల్లో జిగురుని ఒకటిగా చెప్పి, జింక, గుర్రం, ఎద్దు, ఎలుక, చేప, ఖడ్గమృగం జిగుర్లని ఒక్కొక్కదాని రంగూ రూపుతో సహా వేరు చేసింది. అమెరికాలో కాలిఫోర్నియాకి చెందిన యాహీ తెగలో చివరివాడిగా పేరుపడ్డ ఇషి, తన విల్లు వీపుకి జింక నరం అతికించడానికి సాల్మన్ చేప చర్మం ఉడికించి జిగురు చేసుకునేవాడు. నది దగ్గర ఉన్నవాళ్ళు చేపని, గడ్డిమైదానాల్లో ఉన్నవాళ్ళు తోలుని వాడుకున్నారు.

కొరియా మిన్ఒ చేప ఏ కుటుంబానిదో, మన కోస్తాలో దొరికే కచిడి చేప కూడా ఆ కుటుంబానిదే. అంతర్వేదిలోనో ఉప్పాడలోనో ఒక జాలరి వలలో కచిడి పడింది, లక్షల్లో అమ్ముడుపోయింది అని అప్పుడప్పుడూ వార్తల్లో చూస్తుంటాం కదా, ఆ ధరంతా దాని గాలితిత్తికే. అంత ఖరీదైనదాన్ని కొని విల్లుకి పూయమని ఎవరికీ చెప్పను. అదే కుటుంబంలో చిన్న చేపలు రేవుల్లో రోజూ దిగుతాయి. చేప శుభ్రం చేసేవాళ్ళని ముందుగా అడిగి పెట్టుకుంటే తిత్తులు పక్కన తీసి పెడతారు. చిన్న తిత్తులు కాబట్టి చాలా పోగుచెయ్యాలి. స్టర్జన్ తిత్తి ఎవరైనా అమ్ముతామంటే కాగితాలు అడగండి. 1998 నుంచి స్టర్జన్ జాతులన్నీ సైటీస్ కింద, అంటే అంతరించే ప్రమాదమున్న జాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం కింద, ఉన్నాయి.

మరి ఇందులో ఉన్న మేలేమిటి? చేప కొల్లాజెన్ తక్కువ వేడికే కరుగుతుంది, తక్కువ వేడికే గడ్డకడుతుంది. తోలు జిగురు 30, 35 డిగ్రీల దగ్గరే ముద్ద కావడం మొదలవుతుంది. గాలితిత్తి జిగురు అంతకంటే ఇంకా చల్లారేదాకా పూతగానే ఉంటుంది. కొమ్ముని చెక్క మీద సర్ది, గాడికి గాడి కూర్చోబెట్టి, తాడుతో ఈ చివర నుంచి ఆ చివరదాకా బిగించడానికి కావలసిన సమయం అదే ఇస్తుంది. ఎండిన పొర పెళుసుగా ఉండదు, వంగుతుంది. కొమ్ము అతుకులో ఈ రెండు గుణాలూ ప్రాణం పోసేవే. నరం పరచడంలో మాత్రం తేడా అంతగా కనిపించదు. చిన్న చిన్న కట్టలుగా పరుస్తాం కాబట్టి తోలు జిగురుతోనే సమయం సరిపోతుంది.

తయారీలో ఓపిక కావాలి. తిత్తిని చీల్చి రక్తం, లోపలి పలచని పొర, అంటిన కొవ్వు అంతా గీరి కడగాలి. చిన్న నూనె చుక్క మిగిలినా అతుకు పాడవుతుంది. గాలికి ఆరబెడితే పారదర్శకంగా, గట్టి రేకులా అవుతుంది. అలా ఎండినవి ఏళ్ళు నిలవుంటాయి. కావలసినప్పుడు సన్నగా కత్తిరించి రాత్రంతా చల్లటి నీళ్ళలో నానబెడితే తెల్లగా ఉబ్బుతుంది. చైనా పద్ధతిలో ఈ ఉబ్బిన ముక్కల్ని రోట్లో వేసి దంచుతారు. మొదట రోకలికి జారిపోతూ ఉంటాయి, తర్వాత పీచు విడి రోకలికి పట్టుకుని సాగడం మొదలవుతుంది, చివరికి తెల్లటి పిండిముద్దలా దగ్గరపడుతుంది. దంచితే తక్కువ వేడికే, త్వరగా కరుగుతుంది. ఆ ముద్దని గాజు సీసాలో వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి, 55 నుంచి 60 డిగ్రీల నీళ్ళలో నిలబెట్టి కొన్ని గంటలు ఉంచాలి. పాత పంచె గుడ్డతో వడకట్టి, పలచగా ఉంటే మూత తీసి అదే వేడి మీద కాస్త చిక్కబడనివ్వాలి.

ఎముక జిగురు, బిళ్ళ సరేసు, సీసా జిగురు

హార్డ్‌వేర్, రంగుల దుకాణాల్లో గోధుమరంగు బిళ్ళలుగానో పలుకులుగానో దొరికే సరేసు అనే జంతు జిగురులో ఎముక ఎంతో తోలు ఎంతో ఎవరూ చెప్పరు. ఎముకల నుంచి జిగురు దింపడానికి ఎక్కువ వేడి కావాలి, దానితో పోగులు పొట్టివవుతాయి, బలం తగ్గుతుంది. పుస్తకాల బైండింగుకి, కుర్చీ కాలికి చాలు. వందల సార్లు వంగి లేచే విల్లుకి చాలదు.

సీసాలో ద్రవంగా అమ్మే తోలు జిగురులో సాధారణంగా యూరియా కలుపుతారు. గడ్డకట్టకుండా ఉండటానికి అది. వాడటం తేలిక, పిడికి తోలు చుట్టడానికి బాగుంటుంది. కానీ తేమని ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. విల్లు బలం ఆధారపడే అతుకులకి వద్దు.

వండే పద్ధతి

ఏ రకమైనా క్రమం ఒకటే. తూకం వేసి జిగురు ఒక వంతు, చల్లటి నీళ్ళు రెండు వంతులు. ఇది చెక్కకి చెక్క అతికించేందుకు. నరం పరచడానికి రెండున్నర నుంచి మూడు వంతుల నీళ్ళు, పోగుల్లోకి ఇంకాలి కదా. చెక్కకి ముందు వేసే పూతకైతే ఎనిమిది, పది వంతులు. పొడి, పలుకులు రెండు మూడు గంటల్లో నానతాయి. బిళ్ళలు, తిత్తులు రాత్రంతా నానాలి. నానకుండా వేడి నీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు ఇక కరగవు.

తర్వాత నేరుగా మంట మీద పెట్టకుండా, వేడి నీళ్ళ గిన్నెలో సీసా నిలబెట్టండి. 60 నుంచి 63 డిగ్రీలు సరైన వేడి. 65 దాటనివ్వకండి. వంటింటి థర్మామీటర్ తప్పనిసరి. వేలు పెట్టి అంచనా వేసే పని కాదు ఇది. రైస్ కుక్కర్ వార్మ్ మీద పెట్టేవాళ్ళున్నారు, చాలా కుక్కర్లలో అది 65 కంటే ఎక్కువే ఉంటుంది. కొలిచి చూసుకోండి. పసిపిల్లల పాలసీసా వెచ్చబెట్టే వార్మర్ ఈ పనికి బాగా నప్పుతుంది. పైన తేలిన నురగ తీసెయ్యండి. మందం ఎంత ఉండాలో బ్రష్ ఎత్తి చూస్తే తెలుస్తుంది. చుక్కలు చుక్కలుగా రాలితే పలచన, బ్రష్‌ని వదలకుండా ముద్దగా ఉంటే చిక్కన. తెగని సన్నని ధారగా జారితే సరి.

ఆ రోజుకి కావలసినంతే కరిగించండి. మిగిలినది ఫ్రిజ్‌లో వారం రోజులు ఉంటుంది. ప్రతి వేడికీ కాస్త బలం తగ్గుతుంది కాబట్టి పదేపదే కరిగించొద్దు. బూజు పట్టినా, కుళ్ళు వాసన వచ్చినా, ఫ్రిజ్‌లో గడ్డకట్టకుండా నీళ్ళగా ఉన్నా పారెయ్యండి.

నరం పరచడం

కొవ్వు, చెమట అతుకుకి శత్రువులు. కొట్టి విడదీసిన నరం పోగుల్ని గోరువెచ్చని సబ్బు నీళ్ళలో ఉతికి బాగా జాడించాలి. చెక్క వీపుని శుభ్రం చేసి, హాక్సా బ్లేడు ముక్కతో పొడవునా గీరి సన్నని గాళ్ళు చెయ్యాలి. ఒట్టోమన్ కళాకారులు కొమ్ముకీ చెక్కకీ పళ్ళున్న పనిముట్టుతో గాళ్ళు చేసి ఒకదానిలో ఒకటి కూర్చునేట్టు అతికించేవారు. జిగురు పట్టుకునే వైశాల్యం పెరుగుతుంది. గీరిన తర్వాత వేలితో ముట్టుకోకండి. పలచని జిగురు పూత వేసి ఆరనివ్వండి, మళ్ళీ వెయ్యండి. చెక్క ఇక పీల్చుకోవడం మానేసి పైన సన్నని మెరుపు కనిపించేదాకా.

పరిచే రోజు చెక్కని వెచ్చబెట్టాలి, ఎండలోనో హెయిర్ డ్రైయర్‌తోనో. చేతికి వెచ్చగా తగిలితే చాలు. పెన్సిల్ కంటే కాస్త సన్నని నరం కట్టని నీళ్ళలో తడిపి, పిండి, జిగురులో ముంచాలి. బయటికి తీసి రెండు వేళ్ళ మధ్య పైనుంచి కిందికి లాగితే అదనపు జిగురూ గాలి బుడగలూ పోతాయి, విడివిడిగా ఉన్న పోగులు ఒక చదునైన తడి రిబ్బన్ అవుతాయి. దాన్ని పిడి దగ్గర నుంచి వింటికొప్పు (నారి తగిలించే చివర) వైపు పొడవునా పరిచి వేలితో ఒత్తాలి. పక్క కట్ట చివర ఈ కట్ట చివర పక్కనే రాకూడదు. గోడలో ఇటుకలు పేర్చినట్టు అతుకులు తప్పించాలి. వేళ్ళు అంటుకుపోతున్నాయనిపిస్తే వేడి నీళ్ళ గిన్నెలో ముంచుకోండి. ఫ్యాన్ ఆపెయ్యాలి, లేకపోతే పైపొర గడ్డకట్టి కింద పట్టుకోదు.

ఒక పొర అయ్యాక కొన్ని రోజులు నీడలో ఆరనిచ్చి రెండోది. మొత్తం అయ్యాక కనీసం నెల, వీలైతే రెండు మూడు నెలలు ముట్టుకోవద్దు. పైన గోరు దిగకుండా గట్టిగా ఉన్నా లోపల తడి ఉంటుంది. పాతకాలపు కొమ్ము విళ్ళకి ఏడాది పైన పట్టేది అందుకే. కావ్‌గోంగ్‌జీలో చలికాలంలో చెక్క కోసి, వసంతంలో కొమ్ము నానబెట్టి, వేసవిలో నరం సిద్ధం చేసి, శరదృతువులో అన్నిటినీ కలపాలని రాసి ఉంది.

మన ఎండకీ మన వానకీ

పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే లెక్కలన్నీ చలిదేశాలవి. వాళ్ళ గది 20 డిగ్రీలు, తోలు జిగురు నిమిషంలో గడ్డకడుతుంది, వాళ్ళ బాధంతా దాన్ని ఆలస్యం చెయ్యడమెలా అని. మేలో కరీంనగర్‌లోనో రెంటచింతలలోనో మన సమస్య దానికి తలకిందులు. గదే 40 డిగ్రీలు ఉంటే తోలు జిగురు గడ్డకట్టదు. పరిచిన నరం జారుతూనే ఉంటుంది, సాయంత్రానికి వాసన మొదలవుతుంది. చేప జిగురుకైతే ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. వేసవిలో పని తప్పకపోతే బలం ఎక్కువున్న 251 రకం తీసుకుని, ఏసీ గదిలో చేసుకోండి.

హైదరాబాద్, వరంగల్, కర్నూలు వైపు డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ పనికి మంచి కాలం. గాలి పొడిగా ఉంటుంది, మధ్యాహ్నం గది గోరువెచ్చగా ఉంటుంది. కోస్తాలో కూడా ఆ నెలలే మేలు, అయితే ఆరడానికి ఇంకా ఎక్కువ రోజులు వేసుకోవాలి.

అసలు కష్టం వానాకాలంలో. కోస్తాలో జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ 80 శాతం దాటడం మామూలే. ఆ తేమని నరమూ జిగురూ రెండూ పీలుస్తాయి. విల్లు మెత్తబడుతుంది, లాగుడు బరువు, అంటే నారి లాగడానికి పట్టే బలం, తగ్గుతుంది, అలాగే బలవంతంగా లాగితే పొర లేస్తుంది. కొరియాలో గక్‌గుంగ్‌ని వెచ్చని పెట్టెలో ఉంచి ఆరబెట్టి మరీ వాడతారు, పైన బర్చ్ చెట్టు బెరడు చుడతారు. ఒట్టోమన్లు పలచని తోలు చుట్టి దాని మీద రంగు, వార్నిష్ వేసేవారు. మన ఉపఖండంలో ఉక్కు విళ్ళు కూడా చేశారు. కొమ్ము విల్లంత బాగా విసరకపోయినా అవి తేమకి జంకవు, ఆయుధాగారంలో ఏళ్ళు పడి ఉన్నా పాడవవు. పిడి నుంచి కొప్పులదాకా వార్నిష్ పట్టించండి. అది తేమని ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. వానాకాలంలో నారి దించి, మూత బిగుతుగా పట్టే పెట్టెలో సిలికా జెల్ సంచులతో పాటు దాచండి. ఏడాది పొడుగునా బయట వాడే విల్లు కావాలంటే వెదురుకి రండి. దానికి ఇవేవీ అక్కర్లేదు.

విల్లు మీద పెట్టేముందు, పెట్టాక

కొత్త జిగురుని ముందు చెక్క ముక్కల మీద పరీక్షించండి. అదే చెక్కవి రెండు ముక్కలు అతికించి, వారం ఆరనిచ్చి, సుత్తితో విడగొట్టండి. చెక్క చీరుకుని విడిపోతే జిగురు బాగుంది. అతుకు శుభ్రంగా, గాజులా మెరుస్తూ విడిపోతే జిగురు పాతదో మాడిందో, లేదా చెక్కకి జిడ్డుందో. నరానికి కూడా ఒక చిన్న వెదురు బద్ద మీద అలాగే చేసి, ఆరాక వంచి చూడండి.

జంతు జిగురులో నాకు బాగా నచ్చే గుణం, పాత అతుకుని వేడితో, తడితో మళ్ళీ మెత్తబరచొచ్చు. ఎక్కడైనా నరం పొర అంచు లేస్తే సిరంజితో పలచని వేడి జిగురు లోపలికి ఎక్కించి, వెచ్చటి తడిగుడ్డ కాసేపు వేసి, ప్లాస్టిక్ కాగితం పెట్టి గట్టిగా చుట్టి రెండు వారాలు వదిలెయ్యండి. పాత జిగురు కరిగి కొత్తదానితో కలిసిపోతుంది. ఎపాక్సీతో ఇది కుదరదు. బాగుచేసిన చోటే మళ్ళీ లేస్తుంటే ఇంకో జిగురు కోసం వెతకకండి. విల్లు అక్కడ మిగతాచోట్ల కంటే ఎక్కువ వంగుతోందన్నమాట. నారి ఎక్కించి గోడ మీద గీసిన గీతల ముందు పట్టి వంపు చూడండి. ఆ చోటుని వదిలేసి, దానికి అటూ ఇటూ గట్టిగా ఉన్న భాగాన్ని పొట్ట వైపు నుంచి ఆకురాయితో కొద్దికొద్దిగా పలచన చేసి, వంపు సమం అయ్యాకే మళ్ళీ అతికించండి.